మెసయీద్ లాకర్లో మా కంపెనీ తాళంచెవి

క్లౌడ్ అనే మాట ఎవరి నోట విన్నా నాకు ముందు గుర్తొచ్చేది ఖతర్‌లోని మెసయీద్‌లో ఒక ఫ్యాక్టరీ గేటు, ఆ గేటు పక్కన వరసగా ఇనుప లాకర్లు, అందులో ఒకదాంట్లో ఎవరూ ఎత్తకుండా మోగుతున్న ఫోను. ఇప్పుడు నన్ను మీటింగులకు పిలుస్తుంటారు. "మనమూ క్లౌడ్‌కి వెళ్ళిపోదామా మేడం, ఖర్చు ఎంత తగ్గుతుంది?" అని మేనేజర్లు అడుగుతుంటారు. ఖర్చు సంగతి తర్వాత చూద్దాం గానీ నాయనా, ఖాతా ఎవరి పేరు మీద తెరుస్తావు, కోడ్ ఎవరి ఫోనుకి వస్తుంది, ఆ మనిషి సెలవులో పోతే ఆ ఫోను ఎవరి జేబులో ఉంటుంది, ముందు అది చెప్పు అంటాను. నవ్వుతారు. ఆ గురువారం నాతో కారులో ఉండుంటే నవ్వేవాళ్ళు కాదు.

అప్పట్లో నేను దోహాలో ఒక కాంట్రాక్టు కంపెనీలో హెచ్‌ఆర్, అడ్మిన్ పనులు చూసేదాన్ని. ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు వస్తోందని ఊరంతా తవ్వి పోసిన రోజులవి. ముఐథర్‌లో మా ఇంటి నుంచి ఆఫీసుకి నిన్న వెళ్ళిన దారి ఇవాళ ఉండేది కాదు. మా కంపెనీ స్టేడియాల దగ్గర పరంజాలు కట్టేది. పనివాళ్ళలో చాలామంది జగిత్యాల, నిజామాబాద్ వైపు వాళ్ళే.

మా కాగితాలన్నీ మొదట్లో ఆఫీసు వెనక గదిలో ఒక సర్వర్‌లో ఉండేవి. ఒక ఎండాకాలం ఆ గదిలో ఏసీ చెడిపోయి సర్వర్ మూలన పడింది. మా జనరల్ మేనేజర్ నెల్లూరాయన. మంచి మనిషే గానీ కొత్తదేదైనా కంటబడితే ఆగలేడు. ఎవరో కంపెనీవాళ్ళొచ్చి ల్యాప్‌టాప్‌లో రంగురంగుల బొమ్మలు చూపించి పోయారు. ఆ సాయంత్రం నుంచి ఈయనది ఒకటే పాట.

"మిషను లేదు, గది లేదు, ఏసీ లేదు. నెలనెలా అద్దె కట్టుకోవడం, వాడుకోవడం. మిగతావన్నీ వాళ్ళే చూసుకుంటారమ్మా."

"అన్నీ అంటే ఏవేవి సార్?"

"అన్నీ అంటే అన్నీ!"

ఆ 'అన్నీ'లో ఏది వాళ్ళ బాధ్యత, ఏది మన బాధ్యత అని గీత గీసి అడిగినవాళ్ళు మా ఆఫీసులో ఒక్కరూ లేరు. ఖాతా తెరిచే పని మా సిస్టమ్ ఇంజినీరుకి అప్పజెప్పారు. కోనసీమ మనిషి, పనిమంతుడు. మొబైల్ నంబరు అడిగితే తన నంబరు కొట్టాడు. మెయిల్ అడిగితే తన మెయిల్ ఇచ్చాడు. అద్దెకి కంపెనీ కార్డు జత చేశాడు. ఎవరైనా అంతే చేస్తారు, పని తొందరగా అయిపోవాలి కదా. ప్రతి పాస్‌పోర్టు కాపీ, ప్రతి కాంట్రాక్టు, కంపెనీ లైసెన్సు, అన్నీ స్కాన్ చేసి ఎక్కించారు. అసలు కాగితాలు అట్టపెట్టెల్లో కుక్కి గోడౌన్‌కి పంపారు. ఏ పెట్టెలో ఏముందో పైన రాసిన పాపాన పోలేదు. పాత సర్వర్ తుక్కుకి పోయింది. "ఒక కాపీ ఆఫీసులో ఉంచుదాం సార్" అని నేనంటే, "కాగితం మాఫీ అమ్మా, ఇంక మన దగ్గర కాగితం మాఫీ" అని చెయ్యి ఊపేశాడు. గల్ఫ్ అరబ్బీలో మాఫీ అంటే లేదు, కుదరదు అని.

ఆ రోజుల్లో పనివాడు దేశం దాటి పోవాలంటే కంపెనీ అనుమతి కావాలి. ఎగ్జిట్ పర్మిట్ అనేవాళ్ళు. మా మందూబ్, అంటే ప్రభుత్వ ఆఫీసుల చుట్టూ తిరిగి కంపెనీ పనులు చేసుకొచ్చే మనిషి, ఆ పనివాడి కాంట్రాక్టు, పాస్‌పోర్టు కాపీ, కంపెనీ లైసెన్సు పట్టుకుపోయి కౌంటర్లో ఇచ్చి పర్మిట్ తెచ్చేవాడు. మా కంపెనీకి ఒక అలవాటుండేది. ప్రయాణం రోజునే పర్మిట్ తీయించడం. ముందే ఇస్తే మనిషి ముందే జారుకుంటాడని ఎప్పుడో ఎవరికో పట్టుకున్న భయం అది. ఆ భయాన్ని ఎవరూ వదలలేదు, నేనెన్నిసార్లు మొత్తుకున్నా.

ఆ గురువారం పొద్దున నేను ఆఫీసుకెళ్ళేసరికి రిసెప్షన్‌లో మా పరంజా మేస్త్రి కూర్చుని ఉన్నాడు. ముప్పై దాటిన మనిషి, జగిత్యాల పక్క పల్లె. ఏషియన్ టౌన్‌లో కొన్న కొత్త సూట్‌కేసు, దానికి నీలం తాడు. కొత్త చొక్కా. చెవుల వెనక, గోళ్ళ చుట్టూ, అరచేతుల్లో పచ్చగా పసుపు.

"ఇదేంటయ్యా, ఆఫీసుకి పసుపు రాసుకొచ్చావ్?"

సిగ్గుపడ్డాడు. "నిన్న క్యాంపుల నన్ను పెండ్లికొడుకును చేసిన్రు మేడం. ఇంటికి పోయినంక టైమ్ ఉండదని మావోళ్ళే పట్టుకొని రాసిన్రు. ఎంత కడిగినా పోతలేదు."

శుక్రవారం పెళ్ళి. గురువారం సాయంత్రం విమానం. రాత్రికి హైదరాబాద్‌లో దిగి, తెల్లారేసరికి ఊరు చేరాలి. ఆ పెళ్ళి ఒకసారి ఆగిపోయిన పెళ్ళి. అంతకుముందు ముహూర్తం పెట్టుకుంటే, స్టేడియం పని ముంచుకొచ్చిందని మా కంపెనీయే సెలవులు ఆపేసింది. ఈసారీ రాకపోతే పిల్లను ఆమె మేనమామ కొడుక్కి ఇచ్చేస్తామని పెద్దవాళ్ళు తేల్చి చెప్పారట. "ఈసారి ఏ అడ్డూ లేదులే, కూర్చో" అని ధైర్యం చెప్పి, నవ్వుకుంటూ నా సీట్లోకి వెళ్ళి కంప్యూటర్ తెరిచాను.

తెర మీద ఎర్రటి అక్షరాలు. ఖాతా నిలిపివేయబడింది.

మళ్ళీ తెరిచాను. పక్క సీటు కంప్యూటర్‌లో చూశాను. మేనేజర్ గదిలోకి పరిగెత్తాను, అక్కడా అదే ఎరుపు. క్లౌడ్ కంపెనీకి ఫోన్ చేస్తే అవతల ఒకమ్మాయి ఎంతో మర్యాదగా చెప్పింది. బ్యాంకు మా కంపెనీ కార్డు మార్చిందట. కొత్త కార్డు నంబరు ఎవరూ ఎక్కించలేదట. అద్దె అందలేదట. హెచ్చరికలు పంపుతూనే ఉన్నారట.

"ఎవరికి పంపారు తల్లీ?"

"ఖాతాదారుకి మేడం."

ఖాతాదారంటే మా కోనసీమ ఇంజినీరు. ఆయన సెలవు మీద ఊళ్ళో ఉన్నాడు. మెయిల్ తెరిచి ఎన్నాళ్ళయిందో!

"డబ్బు ఈ క్షణం కడతాం. తెరవండి."

"ఖాతాదారే లాగిన్ అయ్యి కట్టాలి మేడం. ఆయన మొబైల్‌కి కోడ్ వస్తుంది."

"కంపెనీ మాది! కాగితాలు మావి!"

"మా దగ్గరున్న పేరు ఆయనది మేడం. పేరు మార్చాలంటే మీ కంపెనీ లైసెన్సు కాపీ పంపండి. పరిశీలించి కొద్ది రోజుల్లో చెబుతాం."

ఆ లైసెన్సు కాపీ ఎక్కడుంది? వాళ్ళు తాళమేసిన ఆ ఖాతాలోనే ఉంది. ఒళ్ళు మండిపోయింది. ఆ అమ్మాయి తప్పేం లేదు, ఆమె తన నిబంధన చెప్పింది. సంతకం పెట్టే రోజున ఆ నిబంధన చదవాల్సింది మేము.

ఇంజినీరుకి ఊరి నంబరు మీద ఫోన్ కొట్టాను.

"ఆయ్, చెప్పండి మేడం గారూ. బాగున్నారాండి?"

"బాగోలేం బాబూ. నీ ఖతర్ సిమ్ ఎక్కడుంది?"

"సిమ్మాండీ..." అని నీళ్ళు నమిలాడు.

గల్ఫ్‌లో ఉన్నవాళ్ళకి ఈ అలవాటు చెప్పక్కర్లేదు. సెలవులో ఇంటికి పోయేటప్పుడు అక్కడి సిమ్ ఎవరూ వెంట తీసుకుపోరు. వాడకుండా వదిలేస్తే నంబరు పోతుంది. అందుకని నమ్మకమైన మనిషి చేతిలో పెట్టి పోతారు. ఆయన దాన్ని ఏదో పాత ఫోనులో వేసి, అప్పుడప్పుడూ రీఛార్జి చేసి, మనం తిరిగొచ్చేదాకా బతికించి ఉంచుతాడు. క్యాంపుల్లో ఒక్కొక్కడి దగ్గర ఇలాంటివి ఎన్నో ఉంటాయి. ఇంటి తాళాలు పక్కింట్లో ఇచ్చి పోవడం లాంటిదే ఇది. ఎవరికీ తప్పనిపించదు. ఆ సిమ్ మీద కంపెనీ తాళం కూడా వేలాడుతోందని ఇంజినీరుకీ తట్టలేదు, మాకూ తట్టలేదు.

"మెసయీద్‌లో మా ఊరాయన ఉన్నాడండి, ఫిట్టరు. ఆయనకిచ్చొచ్చానండి."

ఆ నంబరుకి చేశాను. మోగింది. మోగి మోగి ఆగింది. మళ్ళీ చేశాను. అంతే.

"ఎత్తడేంటయ్యా?"

"డ్యూటీలో ఉంటాడండి. ఆ ఫ్యాక్టరీలోకి ఫోన్లు పట్టుకెళ్ళనివ్వరండి. గేటు కాడ లాకర్లో పెట్టి లోపలికెళ్ళాలండి." ఆయన గొంతులోనూ భయం మొదలైంది. "మేడం గారూ, సాయంత్రం దాకా బయటికి రాడండి."

సాయంత్రం దాకా! మందూబ్ అప్పటికే కౌంటర్ దగ్గర నిలబడి ఫోన్ చేస్తున్నాడు. గురువారం మధ్యాహ్నం కిటికీ మూస్తే మళ్ళీ ఆదివారమే తెరిచేది. మేనేజర్ ఒక మనిషిని గోడౌన్‌కి తరిమాడు. అక్కణ్ణుంచి ఆ మనిషి, కప్పు దాకా పెట్టెలున్నాయి సార్, ఏది దించమంటారు అని అడిగాడు. మేనేజర్ కుర్చీలో కూలబడ్డాడు.

ఇదంతా రిసెప్షన్‌లోకి వినబడుతూనే ఉంది. మేస్త్రి లేచి నా తలుపు దగ్గరికొచ్చాడు. చేతిలో ఫోను.

"మేడం, ఈమెకు మీరే చెప్పుండ్రి. నా మాట నమ్ముతలేదు."

ఫోన్ తీసుకున్నాను.

"మేడం, ఆయన్ని చేసుకోబోయేదాన్ని మాట్లాడుతున్న." గొంతు వణకలేదు. "ఒక్కటే అడుగుత. వస్తున్నడా, రాడా? పోయినసారి గిట్లనే వస్తున్న వస్తున్న అన్నడు. ఏసిన పందిరి పీకిచ్చిన్రు. ఇప్పుడు మా మామ ఇంట్ల కూసున్నడు, ఆయన కొడుకు వాకిట్ల బండి మీద కూసున్నడు. నాకు ఆయన కాదు, ఈయన కావాలె. ఏదో కంప్యూటర్ బంద్ అయిందంటున్నడు. నిజమా, లేకుంటే నన్ను సముదాయిస్తున్నరా?"

"నిజమేనమ్మా."

"అందరు కూడిండ్రు, నాకు పసుపు పెడ్తమంటున్నరు. నేనే పెట్టనియ్యలే. ఆయనకైతే దుబాయ్‌ల దోస్తులు రాసిన్రట. నాకు మాత్రం ఆయన విమానం ఎక్కిండన్న మాట వినేదాక ఒక్క చెయ్యి పడనియ్య. పసుపు పడ్డంక పెండ్లి ఆగితే ఆడిపిల్ల బతుకు ఎట్లుంటదో మీకు ఎర్కనే గద మేడం."

ఇది దుబాయ్ కాదమ్మా, ఖతర్ అని దిద్దే సందర్భం కాదది. "నేనే వెళ్తున్నా. నీకు అబద్ధం చెప్పను. ఎక్కితే ఎక్కాడంటాను, లేకపోతే లేదంటాను" అన్నాను.

మేనేజర్‌కి చెప్పాను. "ఇంజినీరు చెప్పిన పాస్‌వర్డ్ కొట్టి, మీరు ఈ కంప్యూటర్ ముందు నుంచి లేవకండి. ఫోను నా చేతికొచ్చాక చెబుతాను. అప్పటిదాకా ఆ 'కోడ్ పంపు' బటన్ ముట్టుకోవద్దు."

కంపెనీ కారు తోలేది హైదరాబాద్ పాతబస్తీ ఆయన. సగం దక్కనీ, సగం తెలుగు. మేస్త్రి సూట్‌కేసుతో సహా వచ్చి వెనక కూర్చున్నాడు, వద్దంటే వినలేదు. కారు కదలగానే డ్రైవరు అద్దంలోంచి చూశాడు.

"క్యా నౌషే, అంత పసీనా కైకు? నేనున్న గద."

ఆ నౌషే, అంటే పెళ్ళికొడుకు, సూట్‌కేసు తాడు మళ్ళీ బిగించాడు. డ్రైవరు నా వైపు తిరిగాడు.

"మేడం, కాయిదాలన్నీ క్లౌడ్‌ల, అంటే మొగుల్ల పెట్టినమంటున్రు గద. ఖతర్ల మొగులే ఉండదు, అండ్ల కాయిదాలెట్ల ఆగినయ్?"

"నోరు మూసుకుని తోలవయ్యా బాబూ!"

దారిలో వచ్చే వక్రా ఊరి దాకా వెళ్ళేసరికే తల ప్రాణం తోకకొచ్చింది. స్టేడియం క్రేన్లు కనబడుతున్నాయి, దారి మాత్రం మళ్ళించారు. ఎర్ర డ్రమ్ములు, బాణం గుర్తులు, ముందు ఒక మట్టి లారీ. దాన్ని దాటలేం. మేస్త్రి ముందుకు వంగి ఆ లారీనే చూస్తున్నాడు, చూపుతో తోసేద్దామన్నట్టు. మధ్యలో రెండుసార్లు ఇంజినీరు ఊరి నుంచి ఫోన్ చేసి "దొరికాడాండి?" అన్నాడు. ఆయన మీద అరిచాను. పాపం, ఆయన మాత్రం ఏం చేస్తాడు?

ఫ్యాక్టరీ గేటు దగ్గర దిగితే ఎండ ముఖాన కొట్టింది. కిటికీ అవతల నేపాలీ గార్డు. ఫిట్టరు పేరు చెప్పాను, లాకర్ల వైపు చూపించాను, కంపెనీ కార్డు చూపించాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. "డ్యూటీ టైమ్ బాహర్ మాఫీ. లాకర్ మాఫీ." ఎమర్జెన్సీ అన్నాను. "సబ్ లోగ్ ఎమర్జెన్సీ బోల్తా" అన్నాడు. నేను గట్టిగా మొదలుపెట్టాను, ఆయనా బిగుసుకున్నాడు.

అప్పుడు మేస్త్రి నన్ను పక్కకి జరగమని, కిటికీ అరుగు మీద రెండు అరచేతులూ వెల్లకిలా పెట్టాడు. గార్డు ఆ చేతుల వంక చూశాడు. గోళ్ళ చుట్టూ చూశాడు. చెవుల వెనక చూశాడు.

"షాదీ?"

"కల్" అన్నాడు మేస్త్రి. రేపు.

"మా దగ్గరా ఇదే రాస్తారు" అని హిందీలో గొణుక్కుంటూ గార్డు వాకీటాకీ తీశాడు. లోపల ఎవరితోనో చాలాసేపు వాదించాడు. మా తరఫున వాదిస్తున్నాడని గొంతు బట్టి తెలుస్తోంది.

ఎంతసేపు నిలబడ్డామో! చివరికి నూనె మరకల డాంగ్రీ పనిబట్టల్లో ఒక మనిషి పరిగెత్తుకొచ్చాడు. దగ్గరికొచ్చేసరికి ఏడుపు ముఖం. "ఏమైందండి? మా ఇంట్లో ఎవరికైనా..." గల్ఫ్‌లో డ్యూటీ మధ్యలో గేటుకి పిలిచారంటే ఎవరికైనా ముందు అదే తడుతుంది.

"అందరూ బాగున్నారు నాయనా. లాకర్ తియ్యి."

"ఓర్నాయనో! గుండె ఆగిపోయిందండి బాబూ."

లాకర్లోంచి చిన్న బటన్ ఫోన్ బయటికొచ్చింది. తెర పగిలి ఉంది. పైన కవరు బొమ్మ ఒకటి ఆగకుండా మిణుకుమంటోంది. అదేంటని అడిగితే ఫిట్టరు తాపీగా, "మెసేజీలు నిండిపోయాయండి. కొత్తవి రావు. నాకవసరం లేదని ఒగ్గేశానండి" అన్నాడు. అంటే కోడ్ పంపినా అందులోకి రాదన్నమాట.

మేనేజర్‌కి ఫోన్ కలిపాను. "అమ్మా, కోడ్ ఇంకొక్కసారే పంపుతానంటోందమ్మా కంప్యూటర్. అది తప్పితే రేపటిదాకా మూసేస్తానంటోంది."

"ఎన్నిసార్లు నొక్కారు సార్? వద్దన్నానా లేదా?"

"ఆగలేకపోయానమ్మా."

మేనేజర్ అని కూడా చూడలేదు, తిట్టేశాను. ఫిట్టరు లావుపాటి బొటనవేలితో మెసేజీలు ఒక్కొక్కటే తీసేస్తున్నాడు. రీఛార్జి ఆఫర్లు, పండగ శుభాకాంక్షలు, అరబ్బీ ప్రకటనలు. ఒక దగ్గర ఆగి, "ఇది ఆయన బ్యాంకుదండి, తీసేస్తే ఏమన్నా..." అన్నాడు.

"తీసెయ్యవయ్యా!" నా అరుపుకి గార్డు కిటికీలోంచి తల బయటపెట్టాడు.

కవరు బొమ్మ ఆగింది. సిగ్నల్ మాత్రం ఒకే గీత. ఫిట్టరు ఫోన్ పట్టుకుని ఎండలోకి, రోడ్డు వారకి పోయాడు. వెనకే మేమందరం.

"సార్, నొక్కండి."

"నొక్కేశా."

ఫోనులో ఏ చలనమూ లేదు. డ్రైవరు ఆకాశం వంక చూసి "యా అల్లా" అన్నాడు. మేస్త్రి కళ్ళు మూసుకున్నాడు. ఆ క్షణాన నాకు ఆ పిల్ల గొంతు వినబడింది. నేనే ఫోన్ చేసి లేదమ్మా అని చెప్పాలి. ఎలా చెప్పాలి, ముందు ఏ మాట అనాలి అని వెతుక్కుంటున్నాను.

టింగ్ మంది.

అంకెలు చదవబోతే మూడో అంకె మీదుగా పగులు. ఆరో, ఎనిమిదో! ఫిట్టరు ఆరన్నాడు. డ్రైవరు ఎనిమిదన్నాడు. అవతల మేనేజర్ "చెప్పండమ్మా, టైమ్ అయిపోతోంది!" అని అరుస్తున్నాడు. మేస్త్రి ఫోన్ లాక్కుని, కొత్త చొక్కా చివరతో తెర తుడిచి, ఎండకి అడ్డంగా చెయ్యి పెట్టి చూశాడు.

"ఎనిమిది మేడం. నా పెండ్లి మీద ఒట్టు, ఎనిమిది."

ఎనిమిదని చెప్పాను. అవతల కీబోర్డు టకటకలు. తర్వాత మేనేజర్ అరుపు, చెవిలోంచి ఫోన్ దూరంగా పెట్టాల్సొచ్చింది. తెరుచుకుంది. కొత్త కార్డు ఎక్కించాడు. కాగితాలు ప్రింటు తీశాడు. కారు మా దగ్గరుంది కాబట్టి ఆయనే టాక్సీ ఎక్కి కౌంటర్‌కి పరిగెత్తాడు.

తిరుగు దారిలో అందరి చూపూ నా ఫోన్ మీదే. కౌంటర్ కిటికీ మూసేస్తే ఈ కోడ్ వచ్చీ లాభం లేదు. వక్రా దాటాక ఫోన్ మోగింది.

"మూసేస్తుంటే చెయ్యి అడ్డం పెట్టానమ్మా. తిట్టాడు. అయినా కొట్టాడు ముద్ర. పర్మిట్ నా చేతిలో ఉంది."

అద్దంలో చూశాను. మేస్త్రి ఆ పసుపు చేతుల్లో ముఖం దాచుకుని బావురుమన్నాడు. డ్రైవరు కారు పక్కకి ఆపి, వెనక్కి తిరిగి ఆయన భుజం తట్టాడు. "రో నక్కో నౌషే. ఇంటికి పోయి నవ్వు."

తర్వాత మేమేం చేశామో ఇక్కడే చెప్పేస్తాను, అడిగేవాళ్ళంతా చివరికి అదే అడుగుతారు గనక. ఆదివారమే ఖాతాను మనిషి పేరు మీంచి కంపెనీ పేరు మీదికి మార్చే పని మొదలుపెట్టాం. కోడ్ వచ్చే సిమ్ ఆఫీసు ఫోనులో, ఆఫీసు సొరుగులో. హెచ్చరికలు ఒక్కరికి కాదు, ముగ్గురికి. కాగితాలకి ఒక కాపీ మన చేతికందే చోట. అప్పుడప్పుడూ ఒక పూట, ఖాతా మూతపడిందనుకుని ఆ కాపీతోనే పనులు నడిపి చూసుకునేవాళ్ళం. ప్రయాణం రోజున పర్మిట్ తీసే పాడు అలవాటు మానేశాం. ఇందులో దేనికీ పెద్ద ఖర్చు లేదు. అద్దెకిచ్చినవాడు మిషన్ చూసుకుంటాడు. తాళంచెవి మాత్రం నువ్వే చూసుకోవాలి. మేనేజర్లకి నేను చెప్పేది ఇంతే. మిగతాదంతా వాళ్ళకి నాకంటే బాగా తెలుసు.

ఇక ఆ సాయంత్రం ఎయిర్‌పోర్టు. మేనేజర్ మాకంటే ముందే అక్కడున్నాడు, చొక్కా చెమటతో తడిసి. పర్మిట్ మేస్త్రి చేతిలో పెట్టి, "తప్పు మాదయ్యా. నిన్ను ఇంత ఏడిపించాం" అన్నాడు. మేస్త్రి దండం పెట్టాడు. సూట్‌కేసు తోసుకుంటూ తలుపు దాకా పోయి, ఏదో మరిచినట్టు వెనక్కొచ్చాడు. ఫోన్ వెనక మూత తీసి, సిమ్ ఊడదీసి నా చేతిలో పెట్టాడు.

"నంబరు పోతది మేడం. నేను వచ్చేదాక జర మీ దగ్గర పెట్టుకోండ్రి."

నేనూ మేనేజరూ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. డ్రైవరు పగలబడి నవ్వాడు. ఆ సిమ్ మీద పసుపు వేలిముద్ర ఉంది. పోగొడతానేమోనని అక్కడికక్కడే నా ఫోనులో రెండో చోట వేసేసుకున్నాను.

మేస్త్రి లోపలికి వెళ్ళిపోయాడు. ఇంక ఇంటికి పోవచ్చు. కానీ మేం ముగ్గురం బయల్దేరే విమానాల బోర్డు కింద అలాగే నిలబడ్డాం. ఎక్కాడో లేదో కళ్ళారా చూడకుండా ఆ పిల్లకి ఏ మాటా చెప్పలేను. హైదరాబాద్ వరస పక్కన 'బయల్దేరింది' అని పడింది. కారులో మేస్త్రి దగ్గర తీసుకున్న ఆమె నంబరు కోసం ఫోన్ తీశాను. తీసేలోపే అది మోగింది. మేస్త్రి సిమ్ మీద.

ఎత్తగానే విరుచుకుపడింది.

"ఫోన్ మోగుతున్నదా? ఇంకా మోగుతున్నదా? సిచ్చాఫ్ వస్తే ఎక్కినట్టు అనుకొని, విమానం టైమ్ దాటినంక కొట్టిన. నువ్వు దుబాయ్‌లనే ఉన్నవు! ఇగ చెప్పకు, ఏం చెప్పకు..." పొద్దున వణకని ఆ గొంతు ముక్కలు ముక్కలైపోతోంది.

"అమ్మా, అమ్మా, ఆగు! నేను, మేడమ్‌ని. సిమ్ నా దగ్గరుంది, నంబరు పోకుండా నాకిచ్చి పోయాడు. మనిషి విమానంలో ఉన్నాడు."

"మీరు చూసిన్రా మేడం?"

"లోపలికి పోవడం చూశాను. విమానం బయల్దేరిందని ఇప్పుడే నా ఎదురుగా బోర్డు మీద పడింది. నీకు అబద్ధం చెప్పనన్నానా లేదా?"

ఆమె గట్టిగా ఊపిరి పీల్చుకోవడం వినిపించింది. తర్వాత ఫోన్ పక్కకి పెట్టి, ఇల్లంతా వినబడేలా కేక వేసింది.

"అమ్మా! ఎక్కిండు! పసుపు తేండ్రి!"

ఒక్కసారిగా ఆడవాళ్ళ గొంతులు లేచాయి, గాజుల చప్పుడు, ఎవరో నవ్వు, ఎవరో ఏడుపు. ఫోన్ పెట్టేయడం ఆమె మరిచిపోయింది. నేనూ పెట్టేయలేదు.